ఏ సన్నాయికి ఏ పీక?

సన్నాయి కొనబోయేవాళ్లు మొదట అడిగేది ఎక్కడ చేశారని. ఆ తర్వాత ఏ చెక్క, ఎంత ధర. పీక సంగతి ఎత్తేవాళ్లు తక్కువ. కొన్న వారానికి మాత్రం మాటలన్నీ పీక చుట్టూనే తిరుగుతాయి. పై షడ్జమం దిగిపోతోంది, మధ్యమం నిలవడం లేదు, ఊపిరి చాలడం లేదు. వాద్యమే బాగా లేదనుకుని మార్చేసేవాళ్లూ ఉన్నారు. తీరా చూస్తే లోపం గొట్టంలో ఉండదు, దాని తలమీద దూర్చిన రెండాకుల పీకలో ఉంటుంది. ఒక్కోసారి గొట్టమూ మంచిదే, పీకా మంచిదే. ఆ రెండూ ఒకదానికోసం ఒకటి చేసినవి కావు, అంతే.

ఈ ప్రశ్నను తరచి చూడటానికి పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల కంటే అనువైన చోటు దొరకడం కష్టం. 2016లో పరిపాలన కోసం ఎన్ని ముక్కలైనా వాద్యాల లెక్కలో ఈ నేల ఒక్కటే. వేములవాడ, ధర్మపురి, బాసర లాంటి గుళ్ల దగ్గర మంగళవాద్యమంటే డోలు, నాదస్వరం. ఊళ్లలో లగ్గానికి నాయీబ్రాహ్మణుల సన్నాయి మేళం. మల్లన్న కథ చెప్పే ఒగ్గువాళ్ల దగ్గర డోలు, తాళాలతో పాటు నపీర. ఉట్నూరు, ఇంద్రవెల్లి, ఆసిఫాబాద్ వైపు గోండు గూడేల్లో ప్రధానులు, తోటీలు ఊదే పెప్రె. నాలుగింటి పేర్లు వేరు, కులాలు వేరు, సందర్భాలు వేరు. వాద్యశాస్త్రం దృష్టిలో మాత్రం నాలుగూ ఒకే ఇంటివి. పాశ్చాత్య వాద్యబృందాల్లోని ఓబో కూడా ఆ ఇంటిదే.

ఈ కుటుంబానికి రెండు గుర్తులు. శబ్దం పుట్టేది ఒకదానికొకటి ఎదురుగా నిలిచిన రెండు పలుచని ఆకుల మధ్య. గొట్టం లోపలి రంధ్రం పైన సన్నగా మొదలై కిందికి పోయేకొద్దీ వెడల్పవుతుంది. బ్యాండు మేళంలో ఊదే క్లారినెట్‌ది వేరే దారి. దానికి ఒక్కటే ఆకు, రంధ్రం దాదాపు అంతటా ఒకే వెడల్పు. అందుకే గాలి ఒత్తిడి పెంచితే క్లారినెట్ షడ్జమం నుంచి ఏకంగా పై స్థాయి పంచమానికి ఎగురుతుంది, సన్నాయి పై షడ్జమానికి పోతుంది. పెళ్లిళ్లలో సన్నాయి స్థానంలోకి క్లారినెట్ వచ్చి చాలా కాలమైంది. బయటినుంచి చూస్తే రెండూ నల్లటి గొట్టాలే గానీ, ఒకదాని మీద నేర్చిన వేళ్లూ పెదవులూ రెండోదాని మీద మళ్లీ మొదటినుంచి పాఠం చదవాల్సిందే.

అసలు చిక్కు ఈ శంకువు ఆకారంలోనే ఉంది. వాద్యం లోపలి శంకువు పూర్తిగా ఉండదు, మొన తెగి ఉంటుంది. తెగిన చోట లోహపు చిన్న గొట్టం, దాని మీద పీక కూర్చుంటాయి. మొన తెగకుండా ఉంటే అందులో ఎంత గాలి పట్టేదో, పీక, లోహపు గొట్టం కలిసి అంతే గాలి పట్టినట్టు ప్రవర్తించాలి. అమెరికా భౌతికశాస్త్రవేత్త ఆర్థర్ బెనేడ్ గాలి వాద్యాల మీద చేసిన కృషిలో ఈ సూత్రానికి పెద్ద చోటుంది. పీకలో చోటు ఎక్కువైతే కింది స్వరాల కంటే పై స్వరాలు ఎక్కువగా దిగుతాయి. తక్కువైతే పై స్థాయి ఎక్కిపోతుంది. ఆకులు మరీ మెత్తగా ఉన్నా చోటు పెరిగినట్టే లెక్క, ఎందుకంటే గాలి ఒత్తిడికి అవి లొంగుతాయి.

అంటే పై షడ్జమం దిగుతోందన్న ఫిర్యాదు విన్నప్పుడు చెక్క మీద అనుమానపడే ముందు పీక వెడల్పూ మెత్తదనమూ చూడాలి. రెండు వాద్యాలను ఒకే పీకతో ఊది చూసి ఏది గొప్పదో తేల్చేయడం కూడా పొరపాటే. ఆ పీక ఒకదానికి చుట్టం కావచ్చు, ఇంకోదానికి పరాయి కావచ్చు.

నాదస్వరం దగ్గర ఈ విషయం అందరికంటే స్పష్టంగా కనిపిస్తుంది. అందులో పాతకాలం నుంచీ రెండు రకాలున్నాయి. తిమిరి పొట్టిది, శ్రుతి ఎక్కువ. బారి పొడుగ్గా ఉంటుంది, శ్రుతి తక్కువ, నాదం గంభీరం. ఊరేగింపుల్లో, ఆరుబయట దూరానికి వినపడటానికి తిమిరి పనికొచ్చేది. 20వ శతాబ్దంలో కచేరీ వేదికా మైకూ వచ్చాక అంత కీచు శ్రుతి అవసరం తగ్గింది. నాదస్వర విద్వాంసుడు తిరువావడుదురై రాజరత్నం పిళ్లై బారి వైపు మొగ్గారు. ఆయన కోసం నరసింగంపేట రంగనాథన్ ఆచారి 1955లో శుద్ధ మధ్యమం సరిగ్గా పలికే బారి నాదస్వరాన్ని తీర్చిదిద్దారు. అంతకుముందు ఆ స్వరాన్ని పెదవితో, ఊపిరితో సవరించుకుంటూ రాబట్టాల్సి వచ్చేది. ఒక విద్వాంసుడు, ఒక వడ్రంగి కలిసి కూర్చుని వాద్యాన్ని మార్చిన సందర్భం ఇది. తంజావూరు జిల్లాలోని నరసింగంపేట నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

అక్కడివాళ్లు వాడే ఆచ్చా చెక్క మనకు కొత్తది కాదు. తెలంగాణ ఎండు అడవుల్లో నారేపి అని పిలిచే చెట్టే అది. మన దేశంలో బాగా బరువైన, గట్టి కలపల్లో ఒకటి. నరసింగంపేట పనివాళ్లు పచ్చి దుంగను ముట్టుకోరు. కూల్చిన పాత ఇళ్ల దూలాలు, వాసాల్లో ఏళ్ల తరబడి ఎండిన చెక్కకు వాళ్ల దగ్గర గిరాకీ. అంత కాలం ఎండిన చెక్క ఇక కొత్తగా ముడుచుకోదు, అందుకే తొందరగా బీటలివ్వదు. ఎండలు మండే కరీంనగర్ ప్రాంతంలో వాద్యం కొనేవాళ్లు పట్టించుకోవాల్సిన సంగతి ఇదే. చెక్క ఏ జాతి అన్నదానికంటే ఎన్నాళ్లు ఎండిందన్నది ముఖ్యం.

నాదస్వరానికి వేళ్లతో మూసే రంధ్రాలు ఏడు. వాటి కింద ఇంకో ఐదు ఉంటాయి. ఆ ఐదింటినీ వేళ్లతో ముట్టరు. వాటిలో కొన్నింటిని మైనంతో పూర్తిగానో సగమో పూడ్చి, శ్రుతిని సర్దుకుంటారు. వాద్యం చేసినవాడు తన పని ముగించాక, ఊదేవాడికి కొంత పని మిగిల్చి పెట్టాడన్నమాట. ఇంకొకరి నాదస్వరం చేతికి తీసుకున్నప్పుడు మైనం ఎక్కడ ఎంత పెట్టారో చూస్తే, ఆ మనిషి ఎలాంటి పీక వాడతాడో కొంతవరకు ఊహించవచ్చు.

పీకకు వాడేది కావేరి ఒడ్డున పెరిగే రెల్లు జాతి గడ్డి. కోసి, ఎండబెట్టి, ఉడికించి, మడిచి, దారంతో కట్టి, మొనను విసనకర్రలా వెడల్పుగా తీరుస్తారు. తిమిరికి చిన్న పీక, బారికి పెద్ద పీక. వాద్యానికి దారాలతో వేలాడుతూ మూడు నాలుగు పీకలు, వాటితో పాటు ఒక సూది కనిపిస్తాయి. ఊదగా ఊదగా తడిసి ఆకులు ఒకదానికొకటి అంటుకుంటే, ఆ సూదిని మధ్యలో దూర్చి మెల్లగా విప్పుతారు. ముహూర్తానికి ముందు విద్వాంసుడు ఒక పీకను నోట్లో పెట్టుకుని నానబెడుతూ, ఇంకోదాన్ని వాద్యానికి తగిలించి రెండు ముక్కలు ఊది, తీసేసి, మూడోది పెట్టడం పెళ్లిపందిట్లో చాలామంది చూసే ఉంటారు. అలవాటుగా చేసే పనిలా కనిపిస్తుంది గానీ, ఆ రోజు గాలిలో తేమ ఎంత ఉందో, ఆ పీక ఎంత నీరు తాగిందో ఆయన ఆ రెండు ముక్కల్లోనే తేల్చుకుంటాడు.

తంజావూరు బాణీలో గమకం ప్రాణం. స్వరం నుంచి స్వరానికి జారడానికి వేలిని సగం ఎత్తడం ఒక్కటే చాలదు, పీక మీద పెదవి ఒత్తిడికి స్వరం వంగాలి. గట్టి పీక వంగదు. తెలుగు వాద్యకారులకు ఆ బాణీ దగ్గర కావడంలో షేక్ చినమౌలానాది పెద్ద పాత్ర. 1924లో ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, నాచ్చియార్‌కోవిల్ సోదరుల దగ్గర నేర్చుకుని, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అందుకున్నారు. 1999లో కన్నుమూశారు. 2020 సంవత్సరపు పద్మశ్రీ అందుకున్న షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులదీ అదే దారి. ఒక ప్రాంతపు వాద్యకారులు ఇంకో ప్రాంతపు బాణీ ఎంచుకున్నారంటే గురువునే కాదు, అక్కడి గొట్టాన్నీ అక్కడి పీకనూ కూడా ఎంచుకున్నట్టే. ఉత్తర తెలంగాణ గుళ్లలో తంజావూరు పద్ధతి నాదస్వరం ఊదేవాళ్లు పీకల కోసం వందల కిలోమీటర్ల అవతలి కావేరి డెల్టా మీద ఆధారపడాల్సి రావడానికి మూలం ఇక్కడుంది.

పల్లె సన్నాయికి ఇలాంటి ప్రామాణిక నమూనా లేదు. ఉత్తరాదిలో కాశీ షెహనాయికి, షోలాపూర్ వైపు పొట్టి సుందరికి తమ తమ కొలతలున్నాయి. మన ఊళ్ల సన్నాయి వాటికి దగ్గరి బంధువే గానీ, తరిమెన మీద తిప్పిన వడ్రంగి చేతిని బట్టి పొడవు మారుతుంది, రంధ్రాల ఎడం మారుతుంది. ఒకరి సన్నాయికి కుదిరిన పీక పక్క ఊరివాళ్ల సన్నాయికి కుదరకపోవడం అందుకే. తాటాకుతో చేసినా, రెల్లుతో చేసినా, పల్లె సన్నాయి పీక ఊదేవాడి చేతిలోనే తయారవ్వాలి. గొట్టంలో ఉన్న వంకరలన్నీ పీకతో సర్దుకోవడమే వాళ్ల విద్యలో సగం.

ఈ సర్దుబాటుకు ఇంతకుముందు ఒక వెసులుబాటు ఉండేది. మేళంలో ఒక సన్నాయి రాగం ఊదితే, ఇంకోటి ఆగకుండా శ్రుతి పట్టేది. ఆ శ్రుతి సన్నాయి అసలు సన్నాయిని అనుసరించేది. పీక మారి శ్రుతి కొంచెం దిగినా, రెండూ కలిసి దిగేవి. డోలు దానికి తగ్గట్టు బిగించేవాళ్లు. వినేవాళ్లకు తేడా తెలిసేది కాదు. ఇప్పుడు శ్రుతి సన్నాయి పోయి శ్రుతి పెట్టె, ఆ తర్వాత ఎలక్ట్రానిక్ పెట్టె వచ్చాయి. పెళ్లి పందిట్లో కీబోర్డు కూడా పక్కన చేరింది. కీబోర్డు ఎవరినీ అనుసరించదు. ఎదుర్కోళ్ల దగ్గర గంటసేపు ఊదాక పీక మెత్తబడి శ్రుతి దిగిందంటే, మేళమంతా వింటుంది. సన్నాయివాళ్లకు ఈ కాలం తెచ్చిన అతి పెద్ద మార్పు ఇదే అనిపిస్తుంది. బ్యాండ్లూ డీజేలూ పని లాగేసుకున్నాయన్న మాట నిజమే, దాని గురించి అందరూ మాట్లాడతారు. కదలని శ్రుతికి కదిలే పీకను కట్టేయాల్సి రావడం గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

మైకు కూడా పీకను మార్చాలని అడుగుతుంది. ఆరుబయట అరకిలోమీటరు వినపడాలని చేసుకున్న కరుకు పీక, మూరెడు దూరంలో మైకు పెడితే చెవుల్ని గుచ్చుతుంది. ఒగ్గు నపీరది ఇదే కష్టం. నాలుగైదు డోళ్ల మోతలో వినపడాలంటే దాని గొంతు సన్నగా, పదునుగా ఉండాలి. అందుకే పొట్టి గొట్టం, గట్టి పీక. వేములవాడ దగ్గరి హన్మాజీపేట మిద్దె రాములు లాంటివాళ్లు ఒగ్గుకథను పెద్ద వేదికల దాకా తీసుకెళ్లారు. వేదిక మారినప్పుడు పీక మారకపోతే సౌండు బాక్సులో మిగిలేది కీచుదనమే. తప్పు నపీరది కాదు. అది పొలిమేర దాకా వినపడటానికి పుట్టింది.

ఇక పెప్రె. పిప్రి అని కూడా అంటారు. గోండుల పురాణగాథలు పాడి, వాళ్ల దేవతల కొలుపుల్లో వాద్యాలు వాయించే బాధ్యత తరతరాలుగా ప్రధానులది, తోటీలది. కమానుతో లాగి వాయించే కిక్రి, డక్కి, ఇత్తడి కొమ్ము కాలికోం, వాటితో పాటు పెప్రె వీళ్ల సొత్తు. కాలికోంకు వేళ్ల రంధ్రాలు లేవు, అది పిలుపు. పాట నడిపేది పెప్రె. దీపావళి ముందు దండారి రోజుల్లో నెమలీకల టోపీలతో గుస్సాడీలు ఆడుతుంటే డప్పుల మీదుగా తేలే గొంతు దానిదే. మార్లవాయి కనక రాజుకు 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు గుస్సాడీ నాట్యం గురించి దేశమంతా విన్నది. ఆ నాట్యానికి ఊదే వాద్యం పేరు మాత్రం అప్పుడూ ఎవరికీ పెద్దగా తెలియలేదు.

పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర. అంతకు ముందు గోండుల్లోని మెస్రం వంశీయులు జన్నారం మండలంలోని హస్తినమడుగుకు కాలినడకన వెళ్లి గోదావరి జలం తెస్తారు. ఆ కార్యమంతా వాద్యాలతోనే నడుస్తుంది. చలికాలం, అడవి దారి, రాత్రి పూజ. అదే పెప్రె అక్టోబరు చివర దండారిలో మధ్యాహ్నం ఎండకూ పలకాలి. 1940లలో మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని రాసిన హైమన్‌డార్ఫ్ 1948లో అచ్చయిన తన పుస్తకంలో ప్రధానుల గురించి విస్తారంగా చెప్పారు. జయధీర్ తిరుమలరావు కూడబెట్టిన ఆద్యకళ సేకరణలో ఇలాంటి వాద్యాలు ఎన్నో చేరాయి. ఇది ఎంతో విలువైన పని. కానీ గూటిలో పెట్టిన పెప్రె దగ్గర పీక లేకపోయినా, ఉన్న పీక ఎండి బిగుసుకుపోయినా, దాని గొంతు ఎలాంటిదో చెప్పలేం. పెప్రెకు నరసింగంపేట లేదు, దుకాణం లేదు. గొట్టం పాతబడితే, పీక చేసే చేయి ఆగిపోతే, అక్కడితో ఆగిపోతుంది.

ఓబో ప్రపంచం వైపు ఒకసారి చూస్తే, ఇదే ప్రశ్నను డబ్బూ పరికరాలూ ఉన్నవాళ్లు ఎలా ఎదుర్కొన్నారో తెలుస్తుంది. పారిస్‌లో ఫ్రాంస్వా లోరే 1881లో మొదలుపెట్టిన సంస్థ, 1906లో ఆచార్యుడు జార్జ్ జిలేతో కలిసి తీర్చిన మీటల పద్ధతి నేటి ఓబోకు పునాది. మారిగో సంస్థ 1935లో, లండన్‌లో హోవర్త్ 1948లో వచ్చాయి. జపాన్‌లో యమహా, అమెరికాలో ఫాక్స్ తర్వాత చేరాయి. చెక్క ఎక్కువగా తూర్పు ఆఫ్రికా గ్రెనడిల్లా, మన జిట్టేగి జాతికి చెందినదే. వృత్తిగా వాయించేవాళ్ల ఓబో ధర మన లెక్కలో లక్షల రూపాయల్లో ఉంటుంది.

ఇంత పెట్టి కొన్నాక కూడా వాళ్లు పీక తామే చేసుకుంటారు. పది, పదకొండు మిల్లీమీటర్ల లావు రెల్లు, ఎక్కువగా దక్షిణ ఫ్రాన్స్‌లోని వార్ ప్రాంతంలో పెరిగింది, తెచ్చుకుని లోపలివైపు యంత్రంతో చెక్కి దాదాపు 0.6 మిల్లీమీటరు మందానికి తెస్తారు. లోహపు గొట్టం పొడవు 46, 47 మిల్లీమీటర్లు. ఒక్క మిల్లీమీటరు తేడాకు ఆ వాద్యం పలికే తీరు మారుతుంది. ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాలో 1915 నుంచి 1954 దాకా వాయించిన మార్సెల్ టాబ్యూటో, పీక మీద పొడవుగా గీసే పద్ధతిని అమెరికాలో పాతుకునేలా చేశాడు. ఐరోపాలో గీత పొట్టి. ఒక పద్ధతి పీక గంభీరంగా, నిలకడగా పలికితే, ఇంకోటి తేటగా, చురుగ్గా పలుకుతుంది. అమెరికన్లు తరచూ లోరే వైపు, ఐరోపావాళ్లు చాలామంది మారిగో వైపు మొగ్గడానికి వాద్యాల గొప్పదనం ఒక్కటే కారణం కాదు. తమ పీకకు ఒదిగే గొట్టాన్ని ఎంచుకున్నారు. వియన్నా ఓబోకు రంధ్రమూ వేరు, పీకా వేరు. దాని పీకను పారిస్ ఓబోకు పెడితే ఏదీ సరిగ్గా పలకదు.

మనకూ వాళ్లకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఓబోకు మీటలు ఎన్నో ఉంటాయి. స్వరం కదలకుండా నిలవాలి, ఆర్కెస్ట్రా మొత్తం దాని స్వరానికే శ్రుతి చేసుకుంటుంది. మన సన్నాయి స్వరం వంగాలి, ఊగాలి, జారాలి. కాబట్టి ఓబోవాళ్ల కొలతలు తెచ్చి సన్నాయికి అంటగట్టడం వ్యర్థం. తీసుకోవాల్సింది వాళ్ల కొలతలు కాదు, కొలిచే అలవాటు. కృత్రిమ పీకలు కూడా ఓబోకు వచ్చేశాయి. కెనడా లెజేర్ సంస్థవి చాలామంది వాడుతున్నారు. ఎండకూ చలికీ మారవు, నానబెట్టక్కర్లేదు. సన్నాయికి అలాంటిది చేయాలంటే ముందు ఏ సన్నాయికి అన్న ప్రశ్న వస్తుంది. కొలతలే నిలకడగా లేని చోట అచ్చులో పోసిన పీక ఎంతమందికి పనికొస్తుంది?

వాతావరణం సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ రెండు జిల్లాల్లో అది విపరీతం. రామగుండం, కరీంనగర్ వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటడం వింత కాదు. ఆదిలాబాద్ అడవుల్లో డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత పదికి బాగా కిందికి పోతుంది. గాలి వేడెక్కితే శబ్దవేగం పెరుగుతుంది, దాంతో గొట్టం పలికే శ్రుతీ పెరుగుతుంది. పది డిగ్రీల తేడాకు శ్రుతి సుమారు 30 సెంట్లు మారుతుంది. ఒక స్వరస్థానం నుంచి పక్కదానికి ఉన్న దూరం 100 సెంట్లు. చలిరాత్రి పది డిగ్రీలకూ మే మధ్యాహ్నం 42 డిగ్రీలకూ మధ్య లెక్క కడితే, దాదాపు ఒక స్వరస్థానం తేడా. ఊదేవాడి ఊపిరి గొట్టాన్ని వేడి చేస్తుంది కాబట్టి నిజంగా వినపడే తేడా ఇంతకంటే తక్కువే. అయినా శ్రుతి పెట్టెను మెలిపెట్టాల్సి రావడానికి, పీకను కొంచెం బయటికి లాగాల్సి రావడానికి అది చాలు.

పీకను బయటికి లాగితే శ్రుతి దిగుతుంది నిజమే. కానీ లాగినచోట లోపల ఖాళీ ఏర్పడుతుంది. ముందు చెప్పుకున్న లెక్క ప్రకారం ఆ ఖాళీ పై స్థాయిని ఎక్కువగా దింపుతుంది. అందుకే వేసవి లగ్గాలకు లాగి వాడుకునే బదులు, కొంచెం పొడవు పీకను విడిగా చేసి పెట్టుకోవడం మేలు. పొడి గాలిలో పీక త్వరగా ఆరిపోయి, గట్టిపడుతుంది. పొద్దున మైలపోలుకు మెత్తగా పలికిన పీక, మధ్యాహ్నం తలంబ్రాల వేళకు వేరే పీకలా ప్రవర్తిస్తుంది. అనుభవమున్నవాళ్లు పీకల్ని ఆరుబయట వదలరు. తడి గుడ్డ చుట్టిన చిన్న డబ్బాలో పెడతారు. చలిలో చేయాల్సింది వేరు. చల్లటి గొట్టంలోకి ఒక్కసారిగా వేడి ఊపిరి వెళ్తే లోపలివైపు ఉబ్బుతుంది, బయట ఉబ్బదు, చెక్క బీటలిస్తుంది. ఊదే ముందు వాద్యాన్ని చంకలోనో దుప్పట్లోనో పెట్టి వెచ్చబరచడం మూఢాచారం కాదు.

మరి రెండు వాద్యాల్ని పోల్చేదెలా? ప్రతి గొట్టానికీ దానికి చేసిన పీకనే పెట్టి ఊదాలి. ఆ తర్వాత పీకలు తారుమారు చేసి ఊదాలి. మొదటిసారి బాగుండి రెండోసారి పాడైతే పీక తేడా, రెండుసార్లూ ఒకే స్వరం తప్పితే గొట్టం తేడా. చల్లగా ఉన్న వాద్యాన్ని చూసి తీర్పు చెప్పకూడదు, పది నిమిషాలు ఊది వెచ్చబడ్డాక వినాలి. మంద్రం నుంచి తారం దాకా షడ్జమాలు, పంచమాలు ముందు సరిచూడాలి. అవి నిలిస్తే రెండు మధ్యమాలూ చూడాలి, ఎందుకంటే పాత కొలతల గొట్టాలు దొరికిపోయేది అక్కడే. చివరికి ఒక ఆలాపన. స్వరాలన్నీ విడివిడిగా సరిగ్గా పలికి, ఒకదాని నుంచి ఒకదానికి జారేటప్పుడు మధ్యలో ఆగిపోయే వాద్యాలుంటాయి. గమకం పలకని సన్నాయి ఎంత శ్రుతిశుద్ధంగా ఉన్నా మన సంగీతానికి పనికిరాదు. ఈ వరుసలో ధర చివరన రావాలి.

ఇలా చూస్తే నరసింగంపేట బారిది పైచేయి అనే అభిప్రాయం కచేరీకీ గుడికీ వర్తిస్తుంది, ఊరేగింపుకు కాదు. లగ్గం బరాత్‌లో నడుస్తూ గంటల తరబడి ఊదాల్సినవాడికి పొడవాటి బారి, పెద్ద పీక భారమే అవుతాయి. పొట్టి సన్నాయి, చిన్న పీక అతని ఊపిరిని కాపాడతాయి. నపీరకూ పెప్రెకూ ఎవరి తీర్పూ వర్తించదు. వాటి మంచిచెడ్డలు డోలు పక్కనా డప్పు పక్కనా నిలబడి వినాల్సినవే గానీ, గదిలో కూర్చుని తేల్చేవి కావు.

గొట్టాన్ని ఎక్కడినుంచైనా తెప్పించుకోవచ్చు. పీక మాత్రం వాడేచోటే తయారవ్వాలి. ఓబోకు వాడే రెల్లు జాతి మన దేశంలోనూ పెరుగుతుంది. గోదావరి, మానేరు, కడెం వాగుల ఒడ్డున రెల్లు, కిక్కస జాతి గడ్డి పాత సంగతే. అందులో పీకకు పనికొచ్చేంత పొడవు కణుపులు, సరైన లావు, దట్టమైన గోడ ఉన్నవి ఏవో ఏరి, ఓ రెండేళ్లు ఎండబెట్టి చూడటం పెద్ద ఖర్చు పని కాదు. ప్రభుత్వ సంగీత పాఠశాలల్లో డోలు, సన్నాయి నేర్పే చోట పీక చేయడాన్ని పాఠంగా పెట్టాలి. పరీక్షలో కీర్తనతో పాటు, విద్యార్థి తన చేత్తో చేసిన పీకకూ మార్కులు వేయాలి. కత్తి పట్టని చేయి ఎన్ని రాగాలు నేర్చినా, ఒక పెళ్లి సీజను గడిచేసరికి ఎవరో ఒకరి ముందు చేయి చాపాల్సి వస్తుంది.

పెప్రె విషయంలో ఆలస్యం పనికిరాదు. ఉట్నూరు ఐటీడీఏ పరిధిలోని గూడేల్లో ఇంకా ఊదుతున్న వాద్యాలను వాటి యజమానుల దగ్గరే ఉంచి కొలవవచ్చు. గొట్టం పొడవు, పై రంధ్రం, కింది రంధ్రం వెడల్పు, వేళ్ల రంధ్రాల ఎడం రాసుకోవాలి. పీక పొడవు, మొన వెడల్పు, ఆకు ఏది, దారం ఎన్ని చుట్లు, ఎక్కడ గీశారు అన్నవీ రాసుకోవాలి. ప్రతి స్వరాన్ని ఆనాటి ఉష్ణోగ్రతతో సహా రికార్డు చేయాలి. ఆ కాగితం ఒక ప్రతి గూడెంలో, ఇంకో ప్రతి పాఠశాలలో ఉండాలి. పీక కట్టే పెద్దమనిషి పక్కన ఇద్దరు పిల్లలు రోజూ కూర్చోవడానికి వాళ్లకూ, నేర్పే ఆయనకూ కూలి కట్టివ్వాలి. దండారి మొదలయ్యే లోపు ఒక్క గూడెంలోనైనా ఈ పని మొదలుపెట్టడానికి ఏ అడ్డంకీ లేదు.